విలియం జేమ్స్ ఉపాధ్యాయులకు ఏమి మిగిల్చాడు?

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరూ అలవాటు, అవధానం, అభిరుచి, జ్ఞాపకం అనే అధ్యాయాలను చదివే ఉంటారు. ఆ అధ్యాయాలకు మూలం ఎక్కడున్నదని వెదకుతూ పోతే, శతాబ్దానికి పైగా వెనుకకు వెళ్లి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో 35 సంవత్సరాలు బోధించిన ఒక ఆచార్యుని వద్దకు చేరుకొంటాము. ఆయన విలియం జేమ్స్.

ఇట్టి పెద్దలను గురించి వ్రాసేటప్పుడు రెండు విధాలైన పొరపాట్లు జరుగుతూ ఉంటవి. వారు చెప్పినదంతా వేదవాక్కని గ్రహించడం ఒకటి; కాలం చెల్లిన మాట ఒకటి చూపి మొత్తాన్నీ త్రోసిపుచ్చడం రెండవది. శాస్త్ర విషయంలో ఈ రెండూ తగవు. జేమ్స్ మాటలలో ఏవి నిలిచినవి, ఏవి నిలవలేదు, ఏవి అసలు ఆయన అనని మాటలు అని వేరు చేసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది చరిత్ర కోసం మాత్రమే కాదు. తరగతిలో మనం పిల్లలకు ఇచ్చే సలహాలలో చాలా భాగం, ఆయన పేరు తెలిసో తెలియకో, నేటికీ ఆయన బాటలోనే నడుస్తున్నవి.

జీవిత విశేషాలు

జేమ్స్ 1842 జనవరి 11 న న్యూయార్కు నగరంలో జన్మించాడు. తండ్రి కలిగినవాడు, తత్త్వ విచారం గలవాడు. పిల్లలను ఒక బడిలో కుదురుగా ఉంచక, అమెరికా, ఐరోపాల మధ్య త్రిప్పుతూ చదివించాడు. తమ్ముడు హెన్రీ జేమ్స్ తరువాత ప్రసిద్ధ నవలాకారుడైనాడు. విలియం మొదట చిత్రకారుడు కాదలచి విలియం మారిస్ హంట్ అనే చిత్రకారుని వద్ద అభ్యాసం చేశాడు. అది విడిచి 1861 లో హార్వర్డులో చేరి రసాయనశాస్త్రం చదివాడు. తరువాత వైద్యానికి మారాడు. 1865 లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు లూయీ అగస్సీ బృందంతో బ్రెజిల్ దేశం వెళ్లి, అక్కడ మశూచి తగిలి బాధపడ్డాడు. 1869 లో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు గాని వైద్యవృత్తి చేయలేదు.

ఈ సంవత్సరాలలో ఆయనను కంటిజబ్బు, నడుమునొప్పి, వాటిని మించి తీవ్రమైన నిరాశ పట్టి పీడించినవి. 1870 ఏప్రిల్ 30 న ఆయన తన దినచర్య పుస్తకంలో ఒక నిర్ణయం వ్రాసుకొన్నాడు. ఫ్రెంచి తత్త్వవేత్త రెనూవియే వ్యాసాలు చదివిన మీదట, మనిషికి సంకల్పస్వేచ్ఛ ఉన్నదని నమ్మదలచుకొన్నాననీ, అట్లా నమ్మడమే తన మొదటి స్వేచ్ఛాకార్యమనీ దాని సారాంశం. సంకల్పం, అలవాటు అనే విషయాలను ఆయన అంత పట్టుదలతో ఎందుకు వ్రాశాడో దీనినిబట్టి ఊహించవచ్చును. ఆయనకు అవి పుస్తక విషయాలు కావు, బ్రతుకు విషయాలు.

1872 లో శరీరధర్మశాస్త్ర బోధకుడుగా నియమితుడై, 1875 లో మనస్తత్వశాస్త్రం చెప్పడం ప్రారంభించాడు. ఆ శాస్త్రం ఆయనకు గురుముఖంగా వచ్చినది కాదు. తాను విన్న మొదటి మనస్తత్వశాస్త్ర ఉపన్యాసం తాను ఇచ్చినదేనని హాస్యంగా చెప్పుకొనేవాడు. 1878 లో ఒక ప్రకాశకునికి పాఠ్యగ్రంథం వ్రాసి ఇస్తానని ఒప్పుకొన్నాడు. అది పూర్తి కావడానికి 12 ఏండ్లు పట్టింది. 1890 లో సుమారు 1,400 పుటలతో, రెండు సంపుటాలుగా ‘మనస్తత్వశాస్త్ర సూత్రాలు’ వెలువడింది. 1892 లో దానిని కుదించి చిన్న గ్రంథం చేశాడు. విద్యార్థులు పెద్దదానిని ‘జేమ్స్’ అనీ, చిన్నదానిని ‘జిమ్మీ’ అనీ ముద్దుగా పిలుచుకొనేవారు. 1907 లో ఉద్యోగ విరమణ చేసి, 1910 ఆగస్టు 26 న కాలధర్మం చెందాడు.

శిష్యులతో ఆయన వరుస

ఒక ఆచార్యుని విలువ ఆయన గ్రంథాలలో కొంత, శిష్యులలో కొంత కనబడుతుంది. జేమ్స్ శిష్యులు ఒకే మూసలోనివారు కారు. స్టాన్లీ హాల్ 1878 లో ఆయన వద్దనే డాక్టరు పట్టం పొంది, తరువాత బాల్య, కౌమార దశల పరిశోధనకు పేరుపొందాడు. నీగ్రో జాతి హక్కులకోసం జీవితమంతా పోరాడిన డుబాయిస్ ఆయన శిష్యుడు. కోడిపిల్లల తెలివిని పరిశోధిస్తున్న థార్న్‌డైక్‌ను, ఆ పిల్లలతో సహా ఉండనీయడానికి ఇంటి యజమానురాలు ఒప్పుకొనకపోతే, జేమ్స్ తన ఇంటి నేలమాళిగలో చోటిచ్చాడు. అభ్యసన సూత్రాలలో మనం చదివే థార్న్‌డైక్ ఈయనే.

మేరీ విట్టన్ కాల్కిన్స్ కథ ఇంకా గమనించదగినది. ఆనాడు హార్వర్డులో స్త్రీలకు ప్రవేశం లేదు. 1890 లో ఆమెను రిజిస్టరులో పేరు లేకుండా మాత్రమే తరగతిలో కూర్చోనిచ్చారు. జేమ్స్ చర్చాతరగతికి వస్తున్న తక్కిన విద్యార్థులు కొద్ది వారాలలోనే జారుకొన్నారు. జేమ్స్ ఆ ఒక్క విద్యార్థినితోనే, గ్రంథాలయంలో నెగడు ప్రక్కన కూర్చుండి, అప్పుడే వెలువడిన తన గ్రంథాన్ని చర్చించాడు. 1895 లో ఆమె డాక్టరు పట్టానికి తగిన పరీక్షలో నెగ్గినదని ఆచార్యులందరూ ఒప్పుకొన్నా, విశ్వవిద్యాలయం పట్టం ఇవ్వలేదు. 1905 లో ఆమె అమెరికన్ మనస్తత్వశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలైంది; ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్ కూడ ఆయన శిష్యురాలే. ఒక పరీక్షనాడు తనకు ఇవాళ తత్త్వశాస్త్ర పరీక్ష వ్రాయ బుద్ధి పుట్టడం లేదని కాగితం మీద వ్రాసి వెళ్లిపోయాననీ, తనకూ తరచుగా అట్లాగే ఉంటుందని జేమ్స్ జవాబు వ్రాసి మంచి మార్కులే వేశాడనీ ఆమె తరువాత వ్రాసుకొన్నది. మన పరీక్షాధికారులకు ఇది సిఫారసు చేయదగిన పద్ధతి కాదు. అయినా విద్యార్థి మనసును ఆయన ఎంత దగ్గరగా చూసేవాడో ఈ కథ వల్ల తెలుస్తున్నది.

శాస్త్రం వేరు, బోధనకళ వేరు

1892 లో కేంబ్రిడ్జి పట్టణంలోని ఉపాధ్యాయులకు జేమ్స్ కొన్ని ఉపన్యాసాలు ఇచ్చాడు. అవి 1899 లో ‘ఉపాధ్యాయులతో మనస్తత్వశాస్త్ర ప్రసంగాలు’ అనే గ్రంథంగా వచ్చినవి. ఉపాధ్యాయులకు 15 ప్రసంగాలు, విద్యార్థులకు 3 ప్రసంగాలు అందులో ఉన్నవి.

మొదటి ప్రసంగంలోనే ఆయన ఒక హెచ్చరిక చేశాడు. మనసును గురించిన శాస్త్రం చదివినంత మాత్రాన పాఠం చెప్పే విధానం దానంతట అదే చేతికి రాదని దాని తాత్పర్యం. తర్కశాస్త్రం చదివినవారందరూ సరిగా ఆలోచించలేరు గదా. నీతిశాస్త్రం చదివినవారందరూ నీతిమంతులు కారు గదా. శాస్త్రం ఇది చేయవద్దని గట్టు కట్టగలదు. ఆ గట్టు లోపల ఎట్లా దున్నాలో, ఏమి విత్తాలో ఉపాధ్యాయుడే కనిపెట్టుకోవాలి. కొత్త శాస్త్రం పేరు చెప్పి ఉపాధ్యాయులను బెదరగొట్టేవారు ఆ రోజులలోనూ ఉండేవారు. తన శాస్త్రం హద్దును తానే చెప్పిన ఆచార్యుడు కావడం వల్లనే ఆయన మాటకు ఉపాధ్యాయులలో గౌరవం కలిగింది.

జ్ఞాపకశక్తి: ఒక ప్రయోగం

కండను సాముతో పెంచినట్లు జ్ఞాపకశక్తిని కంఠస్థంతో పెంచవచ్చునని అందరూ అనుకొనే రోజులవి. పద్యాలు వల్లె వేయిస్తే పిల్లవానికి లెక్కలు కూడ బాగా గుర్తుంటవని వాదించేవారు. జేమ్స్ దీనిని తన మీదనే పరీక్షించుకొన్నాడు.

మొదట విక్టర్ హ్యూగో దీర్ఘకావ్యం ఒకదానిలో 158 పంక్తులను 8 రోజులలో కంఠస్థం చేశాడు. మొత్తం సుమారు 132 నిమిషాలు పట్టినవి. తరువాత 38 రోజులు, దినానికి 20 నిమిషాలకు పైగా శ్రమించి, మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ మొదటి ఆశ్వాసమంతా కంఠస్థం చేశాడు. ఇంత సాము అయిన పిమ్మట మళ్లీ హ్యూగో వద్దకు వచ్చి, అదే కావ్యంలో మరి 158 పంక్తులు పట్టాడు. ఈసారి 151½ నిమిషాలు పట్టినవి. అనగా శిక్షణకు ముందు పంక్తికి 50 సెకన్లు. శిక్షణ తరువాత 57 సెకన్లు. తగ్గవలసిన కాలం పెరిగింది!

రెండవసారి తాను వేరే పనులతో అలసి ఉన్నానని ఆయనే ఒప్పుకొని, మరికొందరిచేత ఇట్టి ప్రయోగం చేయించాడు. ఫలితాలు ఏకరీతిగా రాలేదు. నేటి కొలమానంతో చూస్తే ఇందులో లోపాలు చాలా ఉన్నవి. ప్రయోగానికి లోనైనవారు కొద్దిమంది. శిక్షణ లేని మరొక బృందంతో పోల్చి చూడలేదు. రెండవ భాగంలోని పంక్తులు మొదటి భాగంకన్న కఠినమైనవేమో తేల్చలేదు. అయినను ప్రశ్న సరియైనది. 1901 లో ఆయన శిష్యుడు థార్న్‌డైక్, వుడ్‌వర్త్‌తో కలసి ఆ ప్రశ్ననే మరింత పకడ్బందీగా పరిశీలించాడు. ఒక రకం ఆకారాల వైశాల్యం అంచనా కట్టడంలో ఎంత శిక్షణ ఇచ్చినా, ఆ నేర్పు వేరొక రకం ఆకారాలకు చాలా కొద్దిగానే సంక్రమించిందని వారు చూపారు. శిక్షణ బదలాయింపును గురించి నేడు మనం చదివే పాఠానికి పునాది అక్కడ పడింది.

మరి గుర్తు పెట్టుకొనే మార్గం ఏది? కొత్త విషయాన్ని తెలిసిన విషయాలతో ఎన్ని విధాల ముడివేస్తే అది అంత తేలికగా పైకి వస్తుందని జేమ్స్ సమాధానం. పరీక్ష ముందు రాత్రి కుక్కిన చదువు నిలవకపోవడానికి కారణం కూడ ఇదేనన్నాడు. దానికి ముడులు పడే వ్యవధి ఉండదు. ఇంకొక మాట కూడ ఆయన పెద్ద గ్రంథంలో ఉన్నది. కంఠస్థం చేసేటప్పుడు మరచినచోట వెంటనే పుస్తకం చూడక, ఆగి, లోపలినుంచి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించడమే ఎక్కువ లాభమని దాని భావం.

ఈ మాట సుమారు 116 ఏండ్ల తరువాత చక్కగా రుజువైంది. 2006 లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కళాశాల విద్యార్థులకు ఒక గద్యభాగం ఇచ్చారు. కొందరు దానిని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది వ్రాశారు. 5 నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారికి 81 శాతం, ఒకసారి చదివి వ్రాసినవారికి 75 శాతం గుర్తున్నది. వారం తరువాత లెక్క తారుమారైంది: మొదటివారికి 42 శాతం, రెండవవారికి 56 శాతం. చదివిన వెంటనే అంతా వచ్చినట్లు తోచడం ఎంత మోసమో ఈ అంకెలు చెబుతున్నవి.

అలవాటు: నిలిచినదీ, నిలవనిదీ

జేమ్స్ రచనలలో అన్నిటికన్న ఎక్కువగా చదువబడినది అలవాటును గురించిన అధ్యాయం. పెద్ద యంత్రంలోని గతిపాలక చక్రం వలె అలవాటు సంఘాన్ని నడుపుతుందని ఆయన పోల్చాడు. నాడీమండలాన్ని శత్రువుగా గాక మిత్రునిగా చేసుకోవాలనీ, చిన్ననాటనే మంచి అలవాట్లను దానికి అప్పగిస్తే మనసు పై పనులకు తీరిక చేసుకొంటుందనీ చెప్పాడు. అనుభవంతో నాడీ సంబంధాలు మారుతవనే మూలభావం తరువాతి పరిశోధనలలో నిలిచింది.

నిలవనివి రెండున్నవి. మొదటిది, కొత్త అలవాటు స్థిరపడేవరకు ఒక్క మినహాయింపు కూడ పనికిరాదన్న నియమం. చుడుతున్న దారపుండ చేజారితే, ఎన్నో చుట్లు ఒక్క క్షణంలో విడిపోతవని ఆయన ఉపమానం. చెవికి ఇంపుగానే ఉన్నది. కాని లండను యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు 96 మందిని 84 రోజులు గమనించి 2010 లో ప్రచురించిన ఫలితాలలో, నడుమ ఒకనాడు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడడానికి చెప్పుకోదగిన హాని కలుగలేదు. అలవాటు గట్టిపడడానికి పట్టిన కాలం మాత్రం మనిషికీ మనిషికీ ఎంతో భేదించింది. వారి గణన ప్రకారం 18 నుంచి 254 రోజులు, మధ్యస్థ విలువ 66 రోజులు. తెల్లవారుజామున లేచి చదవడం మొదలుపెట్టిన విద్యార్థి ఒకనాడు లేవకపోతే, అంతా పోయిందని విరమించుకోవడం మనం చూస్తూ ఉంటాము. ఆ విద్యార్థికి జేమ్స్ ఉపమానం చెప్పడంకన్న ఈ అంకెలు చెప్పడం మేలు.

రెండవది, 30 ఏండ్లకు మనిషి స్వభావం గచ్చు వలె గట్టిపడుతుందన్న మాట. 2003 లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 21 నుంచి 60 ఏండ్ల మధ్యవారు 1,32,515 మంది స్వభావ లక్షణాలను పోల్చి చూశారు. బాధ్యతగా పనిచేసే గుణం, ఇతరులతో సర్దుకొనే గుణం 30 దాటినవారిలో కూడ వయస్సుతో పెరుగుతున్నట్లు కనబడింది. వీరు ఒకే మనుష్యులను ఏండ్ల తరబడి వెంబడించలేదు, వేరు వేరు వయస్సులవారిని పోల్చారు గనుక తీర్పులో కొంత జాగ్రత్త అవసరమే. అయినా గచ్చు అనే పోలికకు మాత్రం ఆధారం సన్నగిల్లింది. ఇక వీడు మారడు అని పదవ తరగతి పిల్లవానిమీద ముద్ర వేయడానికి జేమ్స్‌ను సాక్షిగా పిలువరాదు. 1870 లో తన్ను తాను మార్చుకొన్న మనిషి కదా ఆయన!

ఉద్వేగాల సిద్ధాంతం

భయం వేసి పరుగెత్తుతామని లోకం అంటుంది. 1884 లో జేమ్స్ దీనిని తలక్రిందులు చేశాడు. ఎలుగుబంటిని చూడగానే శరీరం వణుకుతుంది, గుండె దడదడలాడుతుంది, కాళ్లు పరుగెత్తుతవి. ఈ శారీరక మార్పులను మనసు గ్రహించడమే భయమన్నాడు. 1885 లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు కార్ల్ లాంగే కూడ స్వతంత్రంగా ఇట్టి మాటే చెప్పినందున దీనికి జేమ్స్–లాంగే సిద్ధాంతమని పేరు వచ్చింది. 1927 లో వాల్టర్ కానన్ దీనిని గట్టిగా ఖండించాడు. కోపంలోనూ భయంలోనూ లోపలి అవయవాలలో కలిగే మార్పులు చాలావరకు ఒక్కటే కదా, అటువంటప్పుడు మనసు వాటిని వేరు వేరుగా ఎట్లా గుర్తిస్తుందని ఆయన ఆక్షేపణ. ఆ కానన్ కూడ ఒకనాడు జేమ్స్ తరగతిలో కూర్చున్నవాడే.

ఈ సిద్ధాంతం ఆధారంగానే జేమ్స్ విద్యార్థులకు ఒక సలహా ఇచ్చాడు. ఉత్సాహం లేనప్పుడు ఉత్సాహం ఉన్నట్లే కూర్చుండి మాట్లాడితే అది వస్తుందని. దీని గతి విచిత్రమైనది. 1988 లో, నోటిలో కలం పట్టించి పెదవులను నవ్వు ఆకారంలో ఉంచితే వ్యంగ్యచిత్రాలు ఎక్కువ హాస్యంగా తోచినవని ఒక ప్రయోగం చూపింది. 2016 లో 17 ప్రయోగశాలలు కలిసి అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. 2022 లో 19 దేశాలలో 3,878 మందితో మళ్లీ పరీక్షించారు. కలం పద్ధతికి నమ్మదగిన ఆధారం దొరకలేదు. కావాలని నవ్వుముఖం పెట్టినప్పుడు మాత్రం సంతోషం కొద్దిగా పెరిగింది. కావున ఆ సలహాలో సత్యం ఉన్నది, కాని అది స్వల్పం. ఏడుస్తున్న పిల్లవానిని నవ్వమన్నంత మాత్రాన దుఃఖం తీరదు.

ఆయన అనని మాట

మానవుడు మెదడులో 10 శాతమే ఉపయోగిస్తాడని, తక్కిన 90 శాతాన్ని మేము మేల్కొలుపుతామని జ్ఞాపకశక్తి శిక్షణ ప్రకటనలలో చూస్తాము. దీనికి జేమ్స్ పేరు తగిలించడం కద్దు. 1907 లో ప్రచురితమైన ఒక వ్యాసంలో, మనకున్న శక్తులలో కొద్ది భాగమే మనం వాడుకొంటున్నామని ఆయన అన్న మాట నిజమే. అందులో 10 శాతమనే లెక్క లేదు. మెదడు భాగాల ప్రసక్తి కాదు అది, శ్రమించే సామర్థ్యం ప్రసక్తి. 1936 లో డేల్ కార్నెగీ గ్రంథానికి పీఠిక వ్రాసిన లోవెల్ థామస్, 10 శాతమనే అంకెను చేర్చి జేమ్స్‌కు అంటగట్టాడు. వాస్తవానికి శరీరపు బరువులో సుమారు 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 శాతాన్ని తీసుకొంటుంది. పని చేయని 90 శాతం అవయవాన్ని ఇంత ఖర్చుతో ఏ ప్రాణీ పోషించదు. ఈ ప్రకటనలు నమ్మి తల్లిదండ్రులు సొమ్ము వ్యయం చేస్తున్నప్పుడు, సత్యం చెప్పవలసినవాడు ఆ ఊరి ఉపాధ్యాయుడే.

తీర్పు

జేమ్స్‌లో లోపాలున్నవి. ప్రయోగశాలలో ఓపికగా కూర్చునే స్వభావం ఆయనది కాదు. 1892 లో జర్మనీనుంచి మున్‌స్టర్‌బర్గ్‌ను రప్పించి హార్వర్డు ప్రయోగశాలను అప్పగించాడు. చనిపోయినవారితో మాట్లాడుతామనే ‘మీడియం’ల పరిశీలనకు ఎన్నో ఏండ్లు వెచ్చించాడు, శాస్త్రానికి దానివల్ల ఒరిగినది లేదు. మంచి ఉపమానం దొరికితే దానికి లొంగిపోవడం ఆయన బలహీనత. దారపుండ, గచ్చు అనే రెండు పోలికలూ శాస్త్రాన్ని దాటి మాట్లాడినవి. ఆయన వాక్యం ఎంత అందంగా ఉంటే దానిని మనం అంత జాగ్రత్తగా పరీక్షించాలి.

అయినను నిలిచినది చిన్నది కాదు. జ్ఞాపకం సాముతో పెరిగే కండ కాదు, సంబంధాలతో అల్లుకొనే వల అన్నాడు. చూచి చదవడంకన్న గుర్తు తెచ్చుకోవడం మిన్న అన్నాడు. శాస్త్రం ఉపాధ్యాయునికి యజమాని కాదన్నాడు. ఈ మూడింటికీ మన తరగతి గదులలో చోటున్నది. వీటికంటె విలువైనది ఇంకొకటి ఉన్నది: లోకమంతా నమ్మిన మాటను గడియారం చేతబట్టి తనమీదనే పరీక్షించుకొని, వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని దాచక, తన అలసటతో సహా ప్రకటించిన నిజాయితీ.

ఆ ఆచార్యుని స్మరించుకోదలచిన ఉపాధ్యాయునికి ఒక చిన్న పని సూచించవచ్చును. తొమ్మిదవ తరగతిని చీట్లు వేసి రెండు భాగాలు చేయండి. వాచకంలో చదవని గద్యభాగం ఒకటి ఇచ్చి, ఒక భాగంవారిచేత రెండుసార్లు చదివించండి. రెండవ భాగంవారిచేత ఒకసారి చదివించి, అంతే సేపు పుస్తకం మూసి వ్రాయించండి. వారం తరువాత, ముందుగా చెప్పకుండా, ఇద్దరిచేతా గుర్తున్నది వ్రాయించి లెక్క కట్టండి. సగటులు కట్టడం పిల్లలకే అప్పగించండి. ఫలితం ఎట్లా వచ్చినా నల్లబల్లమీద వ్రాయండి. ఖర్చు లేని ఈ ప్రయోగంతో, తమ చదువును తామే పరీక్షించుకోవచ్చునని ఆ పిల్లలకు తెలుస్తుంది.